నలుగురు కలిసి తిప్పితే హెలికాప్టర్ లేస్తుందా? 500 ఏళ్ల కిందటి డావిన్సీ బొమ్మ వెనుక అసలు కథ

లియోనార్డో డావిన్సీ.. ఈ పేరు వినగానే ముందు మోనాలిసా గుర్తొస్తుంది. ఆ తర్వాత గుర్తొచ్చేది హెలికాప్టర్. ఇంజిన్ లేని కాలంలో, కరెంట్ లేని కాలంలో హెలికాప్టర్ బొమ్మ గీసేశాడని రీల్స్‌లో, షార్ట్స్‌లో చూస్తూనే ఉంటాం. బొమ్మ గీసిన మాట నిజమే. కానీ ఆ బొమ్మ ప్రకారం యంత్రం కడితే నేల మీంచి అంగుళం కూడా లేవదు. మరి అంత తెలివైన మనిషి ఎగరని యంత్రాన్ని ఎందుకు గీశాడు? అది ఎగరదని ఆయనకు తెలుసా? ఆ తర్వాత ఏం చేశాడు? అసలు కథ అక్కడే ఉంది.

నోటరీ కొడుకు.. కానీ నోటరీ కాలేడు

లియోనార్డో 1452 ఏప్రిల్ 15న ఇటలీలోని ఫ్లోరెన్స్ దగ్గర విన్సీ అనే ఊళ్లో పుట్టాడు. డావిన్సీ అనేది ఇంటిపేరు కాదు. విన్సీ ఊరివాడు అని అర్థం. తండ్రి సెర్ పియెరో పేరున్న నోటరీ. తల్లి కాటెరీనా. ఇద్దరికీ పెళ్లి కాలేదు. పెళ్లి కాకుండా పుట్టిన పిల్లలను నోటరీల సంఘం చేర్చుకునేది కాదు. దాంతో తండ్రి వృత్తి దారి పుట్టుకతోనే మూసుకుపోయింది.

పెద్ద చదువు కూడా దొరకలేదు. అప్పట్లో చదువుకున్నవాళ్ల భాష లాటిన్. అది ఆయనకు సరిగ్గా రాదు. పెద్దయ్యాక కష్టపడి సొంతంగా నేర్చుకోవాలని చూశాడు. ఎడమచేతి వాటం. కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూస్తే తప్ప చదవలేనట్టు రాసేవాడు. ఈ రాత సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఊయలలో ఉన్నప్పుడు ఓ గద్ద వచ్చి తోకతో తన నోటి మీద కొట్టినట్టు గుర్తుందని ఆయన పెద్దయ్యాక రాసుకున్నాడు. అది నిజంగా జరిగిందా, కల వచ్చిందా అన్నది పక్కన పెడితే, పక్షుల మీద మనసు మాత్రం జీవితాంతం పోలేదు.

వర్క్‌షాప్‌లో మొదలైన యంత్రాల పిచ్చి

టీనేజ్‌లోనే ఫ్లోరెన్స్‌లో ఆండ్రియా డెల్ వెరోక్కియో దగ్గర శిష్యుడిగా చేరాడు. అది ఒట్టి పెయింటింగ్ స్కూల్ కాదు. బొమ్మలు, శిల్పాలు, లోహపు పని.. అన్నీ ఒకేచోట జరిగే వర్క్‌షాప్. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గోపురం మీదకు పెద్ద రాగి గోళం ఎక్కించే కాంట్రాక్ట్ కూడా వెరోక్కియోకే వచ్చింది. 1471లో ఆ గోళాన్ని పైకి ఎక్కించారు. అంతెత్తుకు బరువులు ఎత్తే కప్పీలు, మరలు, పళ్ల చక్రాలను లియోనార్డో తర్వాత తన నోట్‌బుక్‌ల్లో జాగ్రత్తగా గీసుకున్నాడు.

చక్రాలు, మరలు సరిగ్గా అమరిస్తే మనిషి తన బలానికి ఎన్నో రెట్లు బరువు ఎత్తగలడు. ఇది ఆయన కళ్లారా చూసిన నిజం. మరి అదే లెక్కన మనిషి తనను తాను గాల్లోకి ఎత్తుకోలేడా? హెలికాప్టర్ బొమ్మ వెనుక ఉన్న ఆశ ఇదే. తప్పు దొర్లింది కూడా ఇక్కడే.

మిలాన్‌లో అద్దె ఇంజినీర్

1482 ప్రాంతంలో లియోనార్డో మిలాన్ వెళ్లాడు. అక్కడి పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు పని కోసం ఓ ఉత్తరం సిద్ధం చేసుకున్నాడు. వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కోటలు పడగొడతాను అంటూ యుద్ధ విద్యల లిస్ట్ పెట్టాడు. బొమ్మలు వేయడం వచ్చన్న సంగతి చివర్లో చెప్పాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఉద్యోగానికి తగ్గట్టు రెజ్యూమె మార్చుకున్నాడన్నమాట.

మిలాన్‌లో ఉండగానే ఎగిరే యంత్రాల మీద సీరియస్‌గా పని మొదలుపెట్టాడు. 1480ల చివర్లో రాసిన ఓ నోట్‌బుక్‌లో ఆ ఫేమస్ బొమ్మ ఉంది. ఇప్పుడు దాన్ని పారిస్ మాన్యుస్క్రిప్ట్ బి అని పిలుస్తున్నారు.

ఇంతకీ బొమ్మలో ఏముంది?

కింద గుండ్రటి వేదిక. మధ్యలో నిలువుగా ఓ ఇరుసు. దాని చుట్టూ మెట్లు తిరిగినట్టు పైకి లేచే గుడ్డ మర. నార బట్టకు గంజి పట్టించి రంధ్రాలు మూసెయ్యాలని, బయటి అంచుకు తాడంత మందం ఉన్న ఉక్కు తీగ పెట్టాలని పక్కనే రాశాడు. అంచు నుంచి మధ్యకు 8 బ్రాచియాలు ఉండాలన్నాడు. బ్రాచియా అంటే మన మూర లాంటి కొలత, కాకపోతే కాస్త పెద్దది. ఈ లెక్కన మర మధ్య నుంచి అంచుకు నాలుగున్నర మీటర్ల పైమాటే.

ఆలోచన సింపుల్. నీళ్లు పైకి తోడే ఆర్కిమెడిస్ మర ఆయనకు బాగా తెలుసు. చెక్కలోకి మర దిగినట్టే, వేగంగా తిప్పితే ఈ గుడ్డ మర గాలిలోకి దూసుకుపోయి పైకి లేస్తుందని అనుకున్నాడు. గాలి కూడా ఒత్తితే ఎదురు తన్నే పదార్థమే అన్న పాయింట్ ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

వేదిక మీద నలుగురు నిలబడి, ఇరుసుకు బిగించిన కర్రలు పట్టుకుని గుండ్రంగా తోస్తారని చాలా పుస్తకాలు చెబుతాయి. మ్యూజియంలలో కొన్ని మోడళ్లు కూడా అలాగే ఉంటాయి. నిజానికి బొమ్మలో మనుషులు లేరు. అది తర్వాతివాళ్లు చెప్పుకున్న అర్థం. అయితే ఆవిరి యంత్రం కూడా లేని రోజులవి. మనుషులను మోసుకెళ్లే పెద్ద యంత్రమే అనుకుంటే తిప్పాల్సిందీ మనుషులే.

లెక్కేస్తే తేలే నిజం

సరే, నలుగురు ఎక్కారనుకుందాం. ఒక్కొక్కరు 70 కిలోలు. మొత్తం 280 కిలోలు. యంత్రం బరువు సున్నా అనుకుందాం. మర పనిలో ఒక్క శాతం కూడా వృథా పోదనీ అనుకుందాం. ఇంత ఉదారంగా లెక్కేసినా, ఆ సైజు మరతో ఆ నలుగురిని గాల్లో నిలిపి ఉంచడానికి దాదాపు 11 కిలోవాట్ల పవర్ కావాలి. అంటే పొలంలో బోరుకు బిగించే 5 హెచ్‌పీ మోటార్లు మూడు అన్నమాట.

మరి మనిషి ఎంత ఇవ్వగలడు? మామూలు మనిషి రోజంతా పని చేస్తే ఇచ్చేది 75 నుంచి 100 వాట్లు. దమ్ము బిగబట్టి కొద్దిసేపు తోస్తే కొన్ని వందల వాట్లు. తలా 500 వాట్లు ఇచ్చారనుకున్నా నలుగురివీ కలిపి 2 కిలోవాట్లు దాటవు. కావాల్సింది 11, చేతిలో ఉన్నది 2. పైగా కర్ర, ఇనుము, గంజి బట్ట బరువు ఇంకా లెక్కలోకే రాలేదు.

కప్పీ వేస్తే తక్కువ బలంతో ఎక్కువ బరువు ఎత్తొచ్చు, కానీ మెల్లగా ఎత్తాలి. గోపురం మీదకు గోళం గంట ఆలస్యంగా ఎక్కినా ఫర్వాలేదు. గాల్లో ఆ వీలు లేదు. ప్రతి సెకనూ గాలిని కిందికి తోస్తూనే ఉండాలి, ఆగితే పడిపోతారు. చక్రాలు ఎన్ని పెట్టినా బలాన్ని మార్చుకోగలం గానీ పవర్‌ను పుట్టించలేం. ఈ తేడాను లెక్కలో చెప్పే సైన్స్ అప్పటికి ఇంకా పుట్టలేదు.

రెండో సమస్య ఇంకా విచిత్రం. తిరిగే కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకు ఆనించకుండా పక్కనున్న టేబుల్‌ను తోసి చూడండి. టేబుల్ కదలదు, మీ కుర్చీ తిరుగుతుంది. ఇక్కడా అంతే. యంత్రం నేలను వదిలిన క్షణం నుంచి మనుషులు మరను ఒకవైపు తోస్తుంటే, కాళ్ల కింది వేదిక రెండోవైపు తిరగడం మొదలుపెడుతుంది. ఇప్పటి హెలికాప్టర్లకు తోక దగ్గర చిన్న ఫ్యాన్ ఉండేది ఇందుకే.

టెస్ట్ ఫెయిలైతే టైమ్ వేస్ట్ వద్దు

ఇక్కడే లియోనార్డోను మెచ్చుకోవాలి. గుడ్డిగా నమ్మి దూకమని ఎవరికీ చెప్పలేదు. ముందు దళసరి కాగితంతో చిన్న మోడల్ చేసి, సన్నటి ఉక్కును మెలిపెట్టి స్ప్రింగ్‌లా వదిలితే మర తిరుగుతుందో లేదో చూడొచ్చని అదే పేజీలో రాశాడు. పెద్ద యంత్రాన్ని కట్టినట్టు ఎక్కడా ఆధారం లేదు.

అదే నోట్‌బుక్‌లో రెక్కలాడించే యంత్రాలూ ఉన్నాయి. ఒకదాంట్లో మనిషి పడుకుని కాళ్లతో తొక్కుతాడు. ఇంకోదాంట్లో నిలబడి చేతులు, కాళ్లు, తల కూడా వాడతాడు. ఇవన్నీ గీస్తూనే ఓ పరీక్ష పెట్టాడు. పెద్ద రెక్క చేసి, 200 పౌన్ల పలకకు బిగించి, మీటతో ఒక్కసారిగా కిందికి కొట్టాలి. పలక లేస్తే సరే. లేకపోతే దీని మీద ఇక టైమ్ వేస్ట్ చేయొద్దని తనకు తానే రాసుకున్నాడు.

ఎగిరే యంత్రాన్ని చెరువు మీదే ట్రై చేయాలని, పడితే మునగకుండా నడుముకు గాలి నింపిన తోలు తిత్తి కట్టుకోవాలని కూడా రాశాడు. మిలాన్‌లో ఆయన ఉండే పాత ప్యాలెస్ కెథడ్రల్ పక్కనే. పైన పని చేసే మేస్త్రీల కంట పడకుండా మోడల్‌ను కప్పు మీద ఎక్కడ పెట్టాలా అని కూడా ప్లాన్ వేసుకున్నాడు. ఎవరైనా చూసేస్తారన్న జాగ్రత్త అప్పటికే మొదలైంది.

చుట్టూ అన్నీ సగంలోనే..

ఈ లోపు రాజుగారి పనులు. స్ఫోర్జా తండ్రి కోసం భారీ కంచు గుర్రం చేయాలి. 1493 నాటికి మట్టి మోడల్ రెడీ. 1494లో యుద్ధం రావడంతో గుర్రం కోసం దాచిన కంచు ఫిరంగులకు వెళ్లిపోయింది. 1499లో ఫ్రెంచ్ సైన్యం మిలాన్‌ను పట్టుకున్నాక, విలుకాళ్లు ఆ మట్టి గుర్రాన్ని గురి ప్రాక్టీస్‌కు వాడుకున్నారు. 1498 ప్రాంతంలో పూర్తయిన లాస్ట్ సప్పర్ కూడా ఆయన వాడిన కొత్త రంగుల పద్ధతి వల్ల కొన్నేళ్లకే పెచ్చులు ఊడటం మొదలైంది.

స్ఫోర్జా పడిపోవడంతో లియోనార్డో రోడ్డున పడ్డాడు. 1500లో వెనిస్, 1502లో సెజారే బోర్జియా దగ్గర యుద్ధ ఇంజినీర్ పని. తర్వాత మళ్లీ ఫ్లోరెన్స్. మోనాలిసా మొదలుపెట్టింది అప్పుడే, 1503 ప్రాంతంలో. ఆర్నో నదిని మళ్లించే స్కీమ్ 1504లో ఫెయిలైంది. ఆంగియారి యుద్ధం పెయింటింగ్ గోడ మీదే పాడైపోయి సగంలో ఆగింది. బయటివాళ్ల కంటికి ఆయన మొదలుపెట్టి వదిలేసే మనిషి.

ప్లాన్ మార్చేశాడు!

కానీ సరిగ్గా ఆ 1505 ప్రాంతంలోనే ఫ్లోరెన్స్ చుట్టుపక్కల కొండల మీద పక్షులను చూస్తూ ఓ చిన్న నోట్‌బుక్ నింపాడు. పక్షుల ఎగురుడు మీద రాసిన ఆ పుస్తకం ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది. ఒకప్పుడు ఇది హెలికాప్టర్ బొమ్మ ఉన్న నోట్‌బుక్‌తో కలిపి ఒకే కట్టలో ఉండేది. 19వ శతాబ్దంలో గుల్యెల్మో లిబ్రి అనే గణిత శాస్త్రవేత్త దీన్ని ఆ కట్టలోంచి కాజేశాడు.

రెండిటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. మొదటిదాంట్లో మనిషి బలమే అన్నిటికీ దిక్కు. రెండోదాంట్లో గాలి. పక్షి కండలతో పోలిస్తే మనిషి కండలు ఎందుకూ పనికిరావు కదా అన్న ప్రశ్న ఆయనే వేసుకున్నాడు. చాలా పక్షుల్లో ఎగిరే కండరాలే శరీరం బరువులో ఆరో వంతు దాకా ఉంటాయి. మనిషి చేతులకు ఆ భాగ్యం లేదు. మనుషుల శవాలను కోసి కండరాలు, నరాలు గీసుకున్న లియోనార్డోకు ఈ సంగతి చిన్నది కాదు.

దానికి జవాబు కూడా ఆయనే రాసుకున్నాడు. పక్షికి అంత బలం కావాల్సింది శత్రువు నుంచి తప్పించుకోవడానికి, వేటను మోసుకెళ్లడానికి. ఊరికే గాలి మీద తేలడానికి రెక్కలు బ్యాలెన్స్ చేసుకుంటే చాలు, బలం కొంచెమే సరిపోతుంది. గద్ద ఆకాశంలో రెక్క కొట్టకుండా చుట్లు తిరగడం మనమూ చూస్తుంటాం. ఆయన చూసింది అదే. బరువు మధ్యభాగం ఎక్కడుండాలి, గాలి పక్క నుంచి కొడితే ఎలా సర్దుకోవాలి, తోక ఏం చేస్తుంది.. పేజీల నిండా ఇవే.

అంటే 15 ఏళ్లకు పైగా పట్టుకుని తిరిగిన ప్రశ్ననే మార్చేశాడు. మనిషి తన బలంతో గాల్లోకి ఎలా లేవాలి అన్నది వెనక్కి పోయింది. గాలి మోస్తుంటే మనిషి పడకుండా ఎలా ఉండాలి అన్నది ముందుకొచ్చింది. 19వ శతాబ్దం చివర్లో గ్లైడర్లతో లిలియెంథాల్ పట్టుకున్న దారి ఇదే. రైట్ బ్రదర్స్ కూడా ముందు గ్లైడర్ల మీద బ్యాలెన్స్ నేర్చుకుని, ఆ తర్వాతే ఇంజిన్ పెట్టి 1903లో ఎగిరారు.

అటకెక్కిన 400 ఏళ్లు

ఇంత తెలుసుకుని ఆయన ఏం చేశాడు? ఏమీ చేయలేదు. ఒక్క పుస్తకం కూడా అచ్చు వేయించలేదు. అప్పటికే యూరప్‌లో ప్రింటింగ్ ప్రెస్‌లు జోరుగా నడుస్తున్నాయి. అయినా అన్నీ అద్దం రాతలో, విడి కాగితాల మీద, సగం సగం వాక్యాల్లో ఉండిపోయాయి.

చివరి రోజుల్లో ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ పిలిస్తే అక్కడికి వెళ్లాడు. 1519 మే 2న అంబ్వాజ్‌లో 67 ఏళ్ల వయసులో చనిపోయాడు. కాగితాలన్నీ శిష్యుడు ఫ్రాన్సెస్కో మెల్జీకి దక్కాయి. మెల్జీ బతికున్నన్నాళ్లు ప్రాణంలా కాపాడాడు. 1570 ప్రాంతంలో ఆయన పోయాక వారసులు వాటిని అటక మీద పడేశారు. అడిగినవాళ్లు పట్టుకుపోయారు. కొన్నిటిని కత్తిరించి వేరే ఆల్బమ్‌లుగా అతికించారు. 1796లో నెపోలియన్ మిలాన్‌ను గెలిచి నోట్‌బుక్‌లను పారిస్ తీసుకెళ్లాడు. హెలికాప్టర్ బొమ్మ ఉన్న పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. అది అచ్చులో బయటికొచ్చింది 19వ శతాబ్దం చివర్లోనే. ఇప్పుడు మిగిలినవి దాదాపు 7 వేల పేజీలు.

ఈ గ్యాప్‌లో లోకం అదే తప్పును మళ్లీ మొదటి నుంచి చేసింది. చేతులకు రెక్కలు కట్టుకుని దూకేవాళ్లు దూకుతూనే ఉన్నారు. మనిషి కండరాలకు రెక్కలాడించి ఎగిరే శక్తి లేదని ఇటలీకే చెందిన బొరెల్లీ పుస్తకం చెప్పింది 1680లో. లియోనార్డో ఆ ప్రశ్న రాసుకున్న 175 ఏళ్లకు! హెలికాప్టర్ అన్న మాటను ఫ్రాన్స్‌కు చెందిన పాంటన్ దమెకూర్ 1861లో పుట్టించాడు. అప్పటికీ డావిన్సీ పేజీ అచ్చులోకి రాలేదు. కాబట్టి హెలికాప్టర్‌ను ఆయనే కనిపెట్టాడనడం కరెక్ట్ కాదు. ఆయన బొమ్మ చూసి తొలి మోడళ్లు కట్టినవాళ్లు ఎవరూ లేరు. చూసే చాన్సే లేదు.

చివరికి మనిషి బలంతో ఎగిరారా?

ఎగిరారు. 1939లో సికోర్స్కీ ఇంజిన్ హెలికాప్టర్ గాల్లోకి లేచాక, ఆయన పేరు మీదే 1980లో అమెరికాలో ఓ పోటీ పెట్టారు. ఇంజిన్, బ్యాటరీ ఉండకూడదు. ఒట్టి మనిషి బలంతో 60 సెకన్లు గాల్లో ఉండాలి. ఒక్క క్షణమైనా 3 మీటర్ల ఎత్తు అందుకోవాలి. పదడుగులు కూడా లేని ఈ ఎత్తుకు 33 ఏళ్లు పట్టింది.

1989లో కాలిఫోర్నియా విద్యార్థులు కట్టిన యంత్రం 7.1 సెకన్ల పాటు, జానెడు ఎత్తులో గాల్లో నిలిచింది. మనిషి బలంతో లేచిన తొలి హెలికాప్టర్ అదే. పేరేంటో తెలుసా? డావిన్సీ 3. ఆ తర్వాత 2013 జూన్ 13న కెనడా టీమ్ కట్టిన అట్లాస్ 64 సెకన్లు ఎగిరి, 3.3 మీటర్ల ఎత్తు అందుకుంది. రెండున్నర లక్షల డాలర్ల ప్రైజ్ కొట్టింది.

అట్లాస్‌ను చూస్తే లియోనార్డో ఎందుకు ఓడిపోయాడో అర్థమవుతుంది. నాలుగు రోటర్లు, ఒక్కోటి 20 మీటర్ల పైనే. అంత పెద్ద యంత్రం బరువు 55 కిలోలు మాత్రమే, కార్బన్ ఫైబర్ పుణ్యమా అని. తొక్కింది నలుగురు కాదు, సైక్లింగ్‌లో ఆరితేరిన ఒక్కడే. అదీ ఇండోర్ స్టేడియంలో, గాలి కదలని చోట. ఇన్ని కుదిరితేగానీ ఒక్క నిమిషం ఎగరలేకపోయారు. గంజి పెట్టిన నార బట్టతో, ఇనుప తీగతో అది కుదిరే పని కాదు.

ఆయన గీసిన మిగతావన్నీ పనికిరానివేం కాదు. పిరమిడ్ ఆకారంలో గీసిన పారాచూట్‌ను 2000లో బ్రిటన్‌కు చెందిన ఏడ్రియన్ నికొలస్ అచ్చంగా బట్ట, కర్రలతో చేయించి, దక్షిణాఫ్రికాలో 3 వేల మీటర్ల ఎత్తు నుంచి దిగాడు. అది సాఫీగా పనిచేసింది. బరువు దాదాపు 85 కిలోలు. అది మీద పడితే ప్రమాదమని చివర్లో మామూలు పారాచూట్‌కు మారాడు. గుడ్డ మర కూడా 2022లో లేచింది. అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు అలాంటి నాలుగు మరలను చిన్న డ్రోన్‌కు బిగించి ఎగరేశారు. తిప్పింది మాత్రం మనిషి కాదు, ఎలక్ట్రిక్ మోటార్లు.

మర ఆలోచన తప్పు కాదు, దాన్ని తిప్పే చెయ్యి చాలలేదు. ఆ సంగతికి లియోనార్డో బతికుండగానే చాలా దగ్గరికి వచ్చాడు. తెలుసుకున్నది నలుగురికీ చెప్పి ఉంటే విమానం కథ ఎంత ముందు మొదలయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఈసారి హెలికాప్టర్ కనిపెట్టింది డావిన్సీయే అనే వీడియో మీ ఫోన్‌లో కనిపిస్తే, దాని వెనకాలే ఉన్న పక్షుల నోట్‌బుక్ సంగతి కూడా నలుగురికీ చెప్పండి. ఆయన అసలు గెలుపు అందులోనే ఉంది.